ఉక్కుమనిషి పోటీ, మా మర్పల్లి బావి

ఒకే రోజున 3.86 కిలోమీటర్లు ఈది, ఒడ్డెక్కి సైకిలు మీద 180 కిలోమీటర్లు తొక్కి, దిగిన వెంటనే 42.195 కిలోమీటర్లు పరుగెత్తవలసిన పోటీకి ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ అని పేరు. మూడింటికీ కలిపి సాధారణంగా ఇచ్చే గడువు 17 గంటలు. మా మర్పల్లి లెక్కలో చెప్పాలంటే సైకిలు భాగం రమారమి హైదరాబాదుకు పోయి తిరిగి వచ్చినంత. పరుగు భాగం వికారాబాదు దాటి అనంతగిరి కొండ ఎక్కినంత. ఈతకు మాత్రం ఊళ్ళో కొలత దొరకదు. మేమెరిగిన నీరు బావిలోనిది. దానికి లోతే గాని పొడవు లేదు.

ఈ పోటీ ఎలా పుట్టిందో, గడియారానికి ఎప్పుడు కట్టుబడిందో, మా వంటి మెట్ట ప్రాంతపు మనిషి పరదేశం పోయి అందులో దిగినప్పుడు అతనికి అడ్డుపడేది ఏదో చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ట్రయథ్లాన్ అన్న పేరుతో ఈనాటి పద్ధతికి మూలమైన పోటీ 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్‌డియాగో నగరంలో, మిషన్ బే అనే సముద్రపు పాయ ఒడ్డున జరిగింది. జాక్ జాన్‌స్టన్, డాన్ షానహన్ అనే ఇద్దరు పరుగువీరులు దానిని ఏర్పాటు చేశారు. పాల్గొన్నవారు 46 మంది. అది ఒక సాయంత్రపు వినోదం, అంతే. అయితే ఆ 46 మందిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ ఉన్నారు. ఆ తరువాత ఉద్యోగరీత్యా వారు హవాయి దీవులకు చేరారు.

1977లో ఓవాహు ద్వీపంలో ఒక పరుగుపందెం ముగిశాక, బహుమతులు పంచే వేళ ఒక వాదం లేచింది. ఈతగాడు గట్టివాడా, పరుగుగాడు గట్టివాడా? బెల్జియం సైకిలు వీరుడు ఎడీ మెర్క్స్ దేహం ప్రాణవాయువును వినియోగించుకునే శక్తి అసాధారణమని చదివిన కాలిన్స్, సైకిలువాణ్ణి కూడా లెక్కలోకి తెచ్చాడు. వాదం తెగేటట్టు లేదు. అప్పుడాయన లేచి, ద్వీపంలో అప్పటికే ఉన్న మూడు పందాలను ఒకే రోజున వరుసగా జరిపితే సరి, ముందుగా ముగించినవాణ్ణి ఉక్కుమనిషి అందాము అన్నాడు. సభ నవ్వింది. ఆయన మాత్రం ఆ మాటను వదిలిపెట్టలేదు.

ఆ మూడు పందాలూ ఏవి? వైకీకీ సముద్రతీరంలో ఏటా జరిగే 2.4 మైళ్ళ ఈత. ద్వీపం చుట్టూ 115 మైళ్ళ సైకిలు యాత్ర. హోనొలూలూ మారథాన్, 26.2 మైళ్ళు. సైకిలు ముగిసే చోటా పరుగు మొదలయ్యే చోటా ఒకటి కావాలని 115 మైళ్ళను 112కి కుదించారు. నేడు ప్రపంచమంతటా పవిత్ర సంఖ్యల వలె పాటించే ఈ కొలతలను ఏ శరీరశాస్త్రమూ నిర్ణయించలేదు. ఒక ద్వీపం మనుషులు తమ వాకిట ఉన్న నీటినీ, దారినీ, వీధినీ ఒక తాడున కట్టారు. అంతే.

1978 ఫిబ్రవరి 18 ఉదయం 15 మంది నీటిలో దిగారు. 12 మంది ముగించారు. అప్పట్లో దారిలో నీళ్ళిచ్చే ఏర్పాటు లేదు. ఎవరి సహాయకులను వారే వెంట తెచ్చుకోవాలి. ముందున్న జాన్ డన్‌బార్ సహాయకుల దగ్గర పరుగు భాగంలో నీళ్ళు నిండుకోవడంతో ఆయనకు బీరు అందించారట. టాక్సీ నడుపుకునే గోర్డన్ హాలర్ ఆయనను దాటి, 11 గంటల 46 నిమిషాల పైచిలుకు కాలంలో ముగించి మొదటి ఉక్కుమనిషి అయ్యాడు. పోటీని ఊహించిన కాలిన్స్ తొమ్మిదవవాడుగా వచ్చాడు. ఆయన కాలం 17 గంటల 38 సెకండ్లు. చిట్టచివరివాడు 21 గంటలు దాటాక గమ్యం చేరాడు. అతడి కోసం కూడా దారి తెరిచే ఉంది.

మరుసటి ఏడు కూడా దిగినవారు 15 మందే. వారిలో లిన్ లెమేర్ అనే యువతి 12 గంటల 55 నిమిషాలలో ముగించి, మొత్తం మీద అయిదవ స్థానంలో నిలిచింది. ఆ యేడే ఒక పేరున్న అమెరికా క్రీడాపత్రిక ఈ పోటీని గురించి పెద్ద వ్యాసం ప్రచురించింది. 1980లో టెలివిజన్ వచ్చింది. పోటీదారులు వంద దాటారు. 1981లో, అప్పటికి నిర్వహణ చేపట్టిన వేలరీ సిల్క్, నగరపు రద్దీ నుంచి పోటీని తప్పించి హవాయి పెద్ద ద్వీపంలోని కోనాకు తరలించింది.

1982 ఫిబ్రవరిలో జరిగినదే ఈ పోటీకి లోకప్రసిద్ధి తెచ్చింది. జూలీ మాస్ అనే కళాశాల విద్యార్థిని తన పరిశోధన వ్యాసం కోసం వివరాలు సేకరించుకుందామని పోటీలో చేరింది. పరుగులో స్త్రీలందరికంటె ముందున్నది. గమ్యం కనుచూపు మేరలో ఉండగా కాళ్ళు స్వాధీనం తప్పాయి. పడింది, లేచింది, మళ్ళీ పడింది. గీతకు కొద్ది గజాల దూరంలో కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటిపోయింది. జూలీ చేతులమీదా మోకాళ్ళమీదా పాకి గీత మీద చేయి వేసింది. తేడా 29 సెకండ్లు. ఆ యేటి విజేత పేరు చెప్పమంటే చాలామంది తడుముకుంటారు; పాకి వచ్చిన పిల్ల పేరు మాత్రం గుర్తుంచుకున్నారు. ముగించడమే గెలుపు అన్న భావం జనం మనసులో ఆనాడు నాటుకుపోయింది.

అయితే ఆ మరుసటి ఏడు, 1983లోనే, 17 గంటల గడువు వచ్చింది. జనం పెరిగితే గడువు తప్పదు. రహదారిని ఎంతసేపని మూసి ఉంచగలరు? నేను దానిని తప్పుపట్టడం లేదు. కాని ఒక లెక్క చూడండి. 1978లో ముగించిన 12 మందిలో నలుగురు ఈ గడువు దాటినవారే. వారిలో కాలిన్స్ ఒకడు, అదీ 38 సెకండ్ల తేడాతో. పోటీని కన్నవాడే నేటి నియమం ప్రకారం ఉక్కుమనిషి కాడు! ఈ లెక్క వేసినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఆలోచనా కలిగింది.

గడువు ఒక్కటి కాదు, మూడు. సాధారణ నియమం ప్రకారం ఈత 2 గంటల 20 నిమిషాలలో ముగియాలి. సైకిలు దిగేటప్పటికి పదిన్నర గంటలు దాటరాదు. మొత్తం 17 గంటలు. ఈత ముగియనివాడికి సైకిలు ముట్టుకునే యోగమే లేదు. ఎంత బలమున్నా, ఎంత ఓర్పున్నా, నీరనే గడప దాటితేనే అవి అక్కరకు వచ్చేది.

2018 నవంబరులో మలేషియాలోని లంకావి ద్వీపంలో ఈ పోటీలో పాల్గొన్నప్పుడు ఆ గడప ఎత్తెంతో నాకు తెలిసింది. చలిసముద్రాలలో ఈదేవారికి ఒంటిని పట్టి ఉంచే రబ్బరు దుస్తులు అనుమతిస్తారు. అవి చలిని ఆపడమే కాదు, మనిషిని నీటిపై తేల్చి ఉంచుతాయి కూడా. నీటి వేడి 24.5 డిగ్రీలు దాటితే, స్థానం ఆశించే సామాన్య పోటీదారుడికి అవి నిషిద్ధం. లంకావి సముద్రం వెచ్చనిది. కనుక మన బలమే మనకు తెప్ప. నాకు ఈతకు 2 గంటల 8 నిమిషాలు పట్టింది. మొత్తం 16 గంటల పైచిలుకు కాలంలో గీత దాటాను. సైకిలూ పరుగూ కాళ్ళను నొప్పించాయి గాని భయపెట్టలేదు. భయపెట్టినది నీరొక్కటే.

అయినా ఆ నీటిలో దిగగలిగానంటే అది మర్పల్లి చలవ. మా తరంలో చివరివాళ్ళము కొందరము బావిలో ఈత నేర్చుకున్నాము. నడుముకు ఎండు ఆనపకాయ బుర్రలో, బెండ్లో కట్టి మా చిన్నాయన బావిలోకి తోసేవాడు. రోజుకొక బెండు తీసివేసేవాడు. "నీళ్ళను కొట్టకు బిడ్డా, పట్టుకో" అన్నదొక్కటే ఆయన పాఠం. తరువాత నగరంలో డబ్బు చెల్లించి నేర్చుకున్న పాఠాలలో అంతకు మించిన సూత్రం నాకు కనబడలేదు. రబ్బరు దుస్తులను మొదటిసారి చూసినప్పుడు బెండ్లే గుర్తుకు వచ్చాయి.

ఆ బావులు ఎక్కడికి పోయాయి? మాది పెద్ద నది లేని నేల. మూసీ మా పక్కన అనంతగిరిలో పుట్టి తూర్పుకు పోతుంది. కాగ్నా తాండూరు వైపు పారుతుంది. మా కందిచేలకూ పత్తిచేలకూ వానే ఆధారం, తోటలకు బావి. మోట కొట్టిన కాలంలో ఎద్దులు తోడినంతే నీరు పైకి వచ్చేది. రాత్రికి మళ్ళీ ఊరేది. కరెంటు మోటార్లు వచ్చాక తోడడం పెరిగింది. బోర్లు వచ్చాక రాతిపొరల్లోని నీరు బావి అడుగు కంటె కిందికి దిగింది. బావి ఎండింది, తరువాత చెత్తతో పూడింది. వ్యవసాయంలో ఈ మార్పును గురించి ఎందరో వ్రాశారు. బావితో పాటు ఊరి పిల్లల ఈత కూడా పోయిందని వ్రాసినవారు తక్కువ.

ఇది కేవలం క్రీడకు సంబంధించిన విచారం కాదు. మన దేశంలో నీట మునిగి పోయే ప్రాణాలు ఏటా ముప్పై వేలకు పైగానే అని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నవి. వేసవి సెలవులలో చెరువుకో కుంటకో పోయిన పిల్లల వార్త చదవని ఏడాది లేదు. తాండూరు వైపు నాపరాయి తీసి వదిలిన గుంతల్లో వాన నీరు నిలుస్తుంది. నీరు పూర్తిగా పోలేదన్నమాట. నీటితో పరిచయం పోయింది. అది మరింత ప్రమాదం.

భారతీయులకు దూరపు ఈత కొత్త కాదు. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఇంగ్లీషు ఛానలును ఈదారు. ఇద్దరూ చెరువులకూ నదులకూ నెలవైన వంగదేశం వారు కావడం గమనించదగినది. 2009లో అనూ వైద్యనాథన్ కెనడాలో మూడు రోజుల అల్ట్రామ్యాన్ పోటీని ముగించింది. 2015లో నటుడు మిలింద్ సోమన్ జూరిక్‌లో 15 గంటల 19 నిమిషాలలో ఐరన్‌మ్యాన్ పూర్తిచేశాక మన పత్రికలలో ఆ పేరు బాగా వినబడింది. 2019 అక్టోబరులో గోవాలో దీని సగం దూరపు పోటీ జరిగేదాకా ఆ ముద్ర గల పోటీ కోసం మనవారు పరదేశం పోవలసిందే.

తెలుగునాట నుంచి నన్ను మిక్కిలి కదిలించిన ఉదాహరణ హైదరాబాదుకు చెందిన గోలి శ్యామలది. నడివయసులో ఈత నేర్చుకున్న ఆమె, 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి మన తీరం దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో ఈదింది. నీటితో పరిచయానికి వయసు మించిపోవడమంటూ లేదని ఆమె చూపింది. కాని ఆమెకున్న కొలను నగరంలోది. పల్లెపిల్లకు అది ఎక్కడ?

మిత్రులారా, ఓవాహు మనుషులు తమకున్న మూడింటిని కలిపి లోకానికొక పోటీనిచ్చారు. మనకూ మూడూ ఉండేవి: బావి, గంటకింత అని అద్దెకు తెచ్చుకున్న సైకిలు, పొలం గట్టు. చివరి రెండూ ఏదో రూపంలో మిగిలాయి. మొదటిది పోయింది. ప్రతి మండలానికీ సముద్రం తేలేము గాని, నడుము లోతు నీటి తొట్టి ఒకటి, బెండు కట్టి పట్టుకునే పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు. ఆ నీటిలో నేర్చిన పిల్లల్లో ఎవరో ఒకరు ఏనాటికో ఉక్కుమనిషి కావచ్చు, కాకపోవచ్చు. వేసవి సెలవులకు చెరువు దాకా పోయిన పిల్లలందరూ ఇంటికి తిరిగివస్తే నాకదే చాలు.