పాపి, వారసుడు ఒక్కడే: ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ వీడియో గేమ్‌లో గోథిక్ భయం, దాని బలాలు, లోపాలు

ప్రతిపాదన

స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ సంస్థ 2010 సెప్టెంబరులో ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ను విడుదల చేసింది. ఆ పేరు ఎత్తగానే ముందు చర్చకు వచ్చేది అది ఎంత భయపెడుతుందన్న సంగతే. ఆ భయం దేనికోసం అన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. గోథిక్ సాహిత్యపు మూలసూత్రాల్లో ఒకదాన్ని ఈ గేమ్ అపూర్వంగా మలిచిందనీ, అయితే ఆ సూత్రంలోని నైతిక భారాన్ని కథ మీదే మోపి, ఆట నియమాలను దానికి దూరంగా ఉంచిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దీని బలాలూ లోపాలూ ఆ ఎడం నుంచే పుట్టాయి.

గోథిక్ మూలం

1764లో వచ్చిన హొరేస్ వాల్‌పోల్ నవల ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ గోథిక్ నవలకు ఆద్యం. తాత విషప్రయోగంతో కాజేసిన రాజ్యాన్ని మనవడు మాన్‌ఫ్రెడ్ ఏలుతుంటాడు. ఆ పాపం అతని కాలంలో పండి, వంశాన్ని నాశనం చేస్తుంది. పూర్వీకుల నేరం వారసులను పట్టి పీడించడం ఆ తర్వాత ఈ ప్రక్రియకు ఆయువుపట్టు అయింది.

‘అమ్నీషియా’ కథ 1839 ఆగస్టులో, ప్రష్యాలోని బ్రెన్నెన్‌బర్గ్ కోటలో నడుస్తుంది. లండన్ వాసి డేనియల్‌కు స్పృహ వచ్చేసరికి తన పేరు, ఊరు తప్ప దాదాపు ఏమీ గుర్తుండదు. కొంత దూరం వెళ్లాక ఒక ఉత్తరం దొరుకుతుంది. అది తను రాసుకున్నదే. మతిమరుపు మందు తానే కావాలని తాగినట్టూ, కోట గర్భంలో ఉన్న అలెగ్జాండర్ అనే ప్రభువును చంపాల్సి ఉన్నట్టూ, ఒక నీడ తనను వెంటాడుతున్నట్టూ అందులో ఉంటుంది. దారి పొడవునా దొరికే డైరీ పేజీలు మిగతా కథ చెబుతాయి. అల్జీరియాలో ఒక సమాధి నుంచి తెచ్చిన గోళం వల్ల ఆ నీడ డేనియల్ వెంటపడింది. దాన్నుంచి తప్పించుకోవడానికి అతను అలెగ్జాండర్ మాట విని బందీలను చిత్రహింసలు పెట్టాడు.

ఇక్కడ తాతా మనవడూ వేరువేరు మనుషులు కారు. నేరం చేసిన డేనియల్‌కు, దాని ఫలం అనుభవించే డేనియల్‌కు మధ్య ఒక మందు సీసా మాత్రమే అడ్డం. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పైగా ఆటగాడికి కూడా డేనియల్‌కు తెలిసినంతే తెలుసు. కనుక ఆ నేరాన్ని తన చేతులతో చేసినదానిగానే తెలుసుకుంటాడు. నవలకు ఇది కష్టసాధ్యం, గేమ్‌కు సహజం.

చూడనివ్వని భయం

డేనియల్‌కు ఆయుధం లేదు. ఉన్నవి లాంతరు, అరకొర నూనె, చెకుముకి పెట్టెలు. చీకట్లో ఉంటే మతిస్థిమితం తగ్గుతుంది. వెలుతురులోకి వస్తే కోటలో తిరిగే వికృత జీవుల కంట పడతాడు. ఆ జీవులను చూస్తూ ఉన్నా మతి చలిస్తుంది. అంటే దేనికి భయపడుతున్నామో దాన్ని తేరిపార చూసే వీలు లేదు. ఆటగాడు గోడవైపు తిరిగి, అడుగుల చప్పుడు విని దూరం అంచనా వేసుకోవాలి. అనిశ్చితిలో పుట్టే భయం మనసును విశాలం చేస్తుందనీ, కళ్లెదుట కనిపించే బీభత్సం దాన్ని మొద్దుబారుస్తుందనీ గోథిక్ నవలాకారిణి ఆన్ రాడ్‌క్లిఫ్ వాదించింది. ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన ఆ వాదాన్ని ఈ గేమ్ ఆట నియమంగా మార్చింది.

నీళ్లు నిండిన నేలమాళిగ ఘట్టం ఇందుకు మేలైన ఉదాహరణ. అక్కడి జీవి అసలు కనిపించదు. నీటిలో పడే అడుగుల జాడలు మాత్రమే మన వైపు వస్తాయి. పెట్టె మీద నుంచి పెట్టె మీదికి దూకాలి. శవాల ముక్కలు దూరంగా విసిరి దాని దృష్టి మళ్లించాలి. తలుపులు కూడా మీట నొక్కితే తెరుచుకునేవి కావు. మౌస్ పట్టి లాగాలి. కంగారులో తోయాల్సిన తలుపును లాగేస్తాం. డేనియల్ చేతి వణుకు ఆ క్షణంలో మన చేతిలో ఉంటుంది.

లోపాలు

మొదటి లోపం శిక్షలో ఉంది. చనిపోయి తిరిగి మొదలుపెడితే చాలాసార్లు ఆ జీవి అదే చోట ఉండదు. ఒకే ఘట్టం పదేపదే ఆడితే భయం విసుగుగా మారుతుంది కాబట్టి ఈ సడలింపుకు కారణం ఉంది. కానీ చావుకు విలువ లేదని గ్రహించిన ఆటగాడికి ఆ తర్వాత కోట కేవలం అలంకరణ. 2011లో ఉచితంగా వచ్చిన ‘జస్టిన్’ అనే అనుబంధ కథలో చనిపోతే ఆటే మూతపడుతుంది. అది మరీ కఠినం. అయినా ఈ లోపం అక్కడ లేదు.

రెండోది ఉత్తరార్ధంలో వస్తుంది. చిత్రహింసల గదుల్లో పరికరాలు, ఆర్తనాదాలు వరుస కడతాయి. రాడ్‌క్లిఫ్ వద్దన్న బీభత్సం ఇదే. బాధితులు ఎక్కువగా గొంతులుగానే మిగులుతారు. గోళం పుట్టిన అల్జీరియా సైతం శాపానికి చిరునామాగా తప్ప మనుషులున్న దేశంగా కనిపించదు. ఇదే వరుసలో 2020లో వచ్చిన ‘రీబర్త్’ మాత్రం కథను అల్జీరియా ఎడారికే తీసుకువెళ్లింది.

మూడోదే అసలైన లోపం. మతిస్థిమితపు కొలతలో భయానికీ పశ్చాత్తాపానికీ తేడా లేదు. పారిపోతున్న బాలికను తాను చంపిన సంగతి డేనియల్‌కు గుర్తొస్తుంది. ఆ తర్వాత ఒక చిక్కుముడి విప్పితే చాలు, మనసు కుదుటపడుతుంది. ఆట తెలివికి బహుమతిగా మనశ్శాంతిని ఇస్తోంది. చివరికి తన లోకానికి ద్వారం తెరుచుకుని వెళ్లిపోవాలన్న అలెగ్జాండర్ ప్రయత్నాన్ని చెడగొడితే డేనియల్ తన తప్పు దిద్దుకున్నానన్న తృప్తితో కోట దాటి వెళ్లిపోతాడు. కోటలో బందీగా ఉన్న అగ్రిప్పా అనే వ్యక్తి తలను ఆ ద్వారంలోకి విసిరితే డేనియల్‌ను ఆదుకొమ్మని వేడుకునే గొంతు వినిపిస్తుంది. ఊరికే నిలబడితే నీడ అతన్ని బలి తీసుకుంటుంది. ఈ మూడు ముగింపులూ ఆఖరి గదిలో చేసే ఒక్క పనితో తేలిపోతాయి. అగ్రిప్పా తలను ముందే తెచ్చుకోవడం తప్ప, అంతవరకూ ఆటగాడు ఎలా ప్రవర్తించాడన్నదానికి లెక్కే లేదు.

ముగింపు

ద చైనీస్ రూమ్ సంస్థ రూపొందించగా 2013లో దీనికి కొనసాగింపుగా వచ్చిన ‘ఎ మెషీన్ ఫర్ పిగ్స్’ మతిస్థిమితపు కొలతనే తీసేసింది. అపరాధ కథ చిక్కబడింది, ఆటలో బిగువు సడలింది. కొలతను తీసేయడం పరిష్కారం కాదని దీనివల్ల తెలుస్తుంది. అది దేన్ని కొలవాలన్నదే ప్రశ్న. చీకటిని కొలిచినంత శ్రద్ధగా చేసిన నేరాన్నీ కొలిచి ఉంటే, జ్ఞాపకం తెలిసే కొద్దీ వెలుతురు కూడా డేనియల్‌ను ఊరడించలేని స్థితి వచ్చేది. వాల్‌పోల్ నాటి శాపం అప్పుడు ఆటగాడి చేతికి పూర్తిగా అందేది. అది జరగకపోయినా, నేరస్తుడినీ వారసుడినీ ఒకే దేహంలో కలిపి ఆ దేహాన్ని మనకు అప్పగించినందుకు గోథిక్ చరిత్రలో ఈ గేమ్‌కు చోటివ్వక తప్పదు. ఇకపై ఈ ప్రక్రియలో గేమ్ తయారుచేసేవారు మొదలుపెట్టాల్సింది దాని భయం దగ్గర కాదు, అది చెల్లించకుండా వదిలేసిన ఈ బాకీ దగ్గర.