కాకినాడ - కోటిపల్లి రైలు మార్గం: పూర్వాపరాలు (ప్రత్యేక వ్యాసం)

గోదావరి తూర్పు డెల్టాలో కాకినాడ నుండి కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల పొడవున ఉన్న శాఖా రైలు మార్గానికి రాష్ట్ర రైల్వే చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1928లో ప్రారంభమైన ఈ మార్గం 1940లో పూర్తిగా తొలగించబడి, ఆరు దశాబ్దాలు దాటిన తరువాత 2004లో తిరిగి నిర్మించబడింది. 2020లో కొవిడ్ కారణంగా ఇక్కడి ప్రయాణికుల సర్వీసు మళ్లీ నిలిచిపోయింది.

నేపథ్యం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట తూర్పు డెల్టా మాగాణిగా మారింది. ఆనకట్ట నుండి వచ్చే కాకినాడ కాలువ సేద్యానికే గాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడింది. సామర్లకోట వద్ద ప్రధాన రైలు మార్గంతో కలిసిన కాకినాడ రేవు పట్టణం డెల్టా ఉత్పత్తుల ఎగుమతికి కేంద్రమైంది. రామచంద్రపురం, ద్రాక్షారామం ప్రాంతాలను ఈ రేవుతో అనుసంధానిస్తూ మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కాలంలో కోటిపల్లి మార్గం ఏర్పడింది. పంచారామాలలో ఒకటైన ద్రాక్షారామ భీమేశ్వరాలయానికి, గౌతమీ తీరాన ఉన్న కోటిపల్లి సోమేశ్వరాలయానికి వచ్చే యాత్రికులకు కూడా ఇది సౌకర్యంగా ఉండేది.

యుద్ధకాలంలో తొలగింపు

రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో సైనిక అవసరాల నిమిత్తం దేశంలోని పలు శాఖా మార్గాల పట్టాలను ఊడదీసి తరలించారు. ఆ క్రమంలో 1940లో ఈ మార్గం కూడా తొలగించబడింది. పన్నెండేళ్ల సేవతోనే రైలు కనుమరుగు కాగా, యుద్ధం ముగిసిన తరువాత కూడా పట్టాలు తిరిగి రాలేదు. రెండు తరాల ప్రజలు రైలు కట్టను మాత్రమే చూస్తూ బస్సులపై, పడవలపై ఆధారపడ్డారు.

పునర్నిర్మాణం

అమలాపురం పార్లమెంటు సభ్యులుగా ఉంటూ 1998లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైన శ్రీ జి.ఎం.సి. బాలయోగి ఈ మార్గం పునరుద్ధరణకు విశేషంగా కృషి చేశారు. 2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. మార్గం 2004లో ప్రారంభమైంది. 2003 గోదావరి పుష్కరాల నాటికి లేని రైలు మార్గం 2015 పుష్కరాల నాటికి కోటిపల్లి రేవుకు అందుబాటులో ఉంది. తరువాతి కాలంలో ఈ మార్గంలో రైలు బస్సు నడిచింది.

నది వద్ద ఆగిన మార్గం

1928లోనూ, 2004లోనూ ఈ మార్గం గౌతమి ఒడ్డునే ముగిసింది. అవతలి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరం చేరుటకు ప్రయాణికులు కోటిపల్లి రేవులో దిగి పంటు ఎక్కవలసి వచ్చేది. కాగా, యానాం - ఎదుర్లంక మధ్య బాలయోగి పేరిట ఉన్న వంతెన అందుబాటులోకి రావడంతో కాకినాడ నుండి అమలాపురానికి బస్సులు నేరుగా నది దాటసాగాయి. రైలుకు ఆ వెసులుబాటు లేకపోయింది. కోనసీమ జనాభా, కొబ్బరి, వరి రవాణా రైలుకు అందాలంటే వంతెనే కీలకం.

ఈ లోటును తీర్చుటకే కోటిపల్లి - నరసాపురం నూతన రైలు మార్గం 2000-01లో మంజూరైంది. అమలాపురం, రాజోలు మీదుగా సుమారు 57 కిలోమీటర్ల పొడవున ప్రతిపాదించిన ఈ మార్గంలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ నదీపాయలపై మూడు పెద్ద వంతెనలు అవసరం. వ్యయంలో 25 శాతం రాష్ట్ర ప్రభుత్వ వాటాగా నిర్ణయించబడింది. ఇది పూర్తయితే సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం అనే నాలుగు పంచారామ క్షేత్రాలు తీరప్రాంత రైలు మార్గంతో అనుసంధానమవుతాయి. కాకినాడ - కోటిపల్లి మార్గం కూడా నది ఒడ్డున ముగిసే శాఖగా గాక, ఉభయ గోదావరి ప్రాంతాలను కలిపే మార్గంగా మారుతుంది.

ముఖ్య ఘట్టాలు

1928: కాకినాడ - కోటిపల్లి మార్గం ప్రారంభం.
1940: యుద్ధ అవసరాలకు పట్టాల తొలగింపు.
2000-01: కోటిపల్లి - నరసాపురం మార్గం మంజూరు.
2004: పునర్నిర్మిత మార్గం ప్రారంభం.
2020: కొవిడ్ కారణంగా ప్రయాణికుల సర్వీసు నిలిపివేత.
2022 ఏప్రిల్ 4: జిల్లాల పునర్వ్యవస్థీకరణ. అప్పటి వరకు మార్గమంతా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది.