ఉప్పు మోసిన యెఱుకలవారు

నేడు కళాశాలలలో నేరవిచారణకును, చెఱసాలల నిర్వహణమునకును సంబంధించిన చదువొకటి, అర్థశాస్త్రము వేఱొకటి, పసిబిడ్డల పెంపకమును గూర్చిన శాస్త్రము మఱియొకటి. ఒక గదిలో చెప్పునది ప్రక్కగదివారికి వినబడదు. మన నెల్లూరు తీరమున నీ మూడు విషయములును ఒకే జనము నెత్తిన ఒక్కుమ్మడిగా పడిన చరిత్ర కలదు. అది యెఱుకలవారి చరిత్ర. కావలి ప్రాంతపు పెద్దలకు దీనిలో కొంత తెలిసియే యుండును. ముక్కలుగా తెలిసినదానిని వరుసగా చెప్పుటయే నా పని.

మొదట ఉప్పు సంగతి. ఇస్కపల్లి, కృష్ణపట్నము మొదలగు చోట్ల సముద్రపు నీరు మళ్లలో నిలిచి యెండి ఉప్పయ్యెడిది. ఆ ఉప్పు మెట్టసీమల కెట్లు పోయెడిది? బండ్లబాటలు లేని రోజులలో పెరికెయెద్దుల మీదను, గాడిదల మీదను పోయెడిది. ఆ పెరికెలు తోలినవారిలో ఎఱుకలవారు ముఖ్యులు. ఉప్పుఎఱుకల యను పేరే దానికి సాక్ష్యము. తీరమున ఉప్పెత్తుకొని, మెట్టయూళ్లలో ధాన్యమునకు మార్చి, మరల ధాన్యముతో దిగివచ్చెడివారు. దారిలో మగవారు బుట్టలల్లుటయు, ఆడువారు ఎఱుక చెప్పుటయు కలదు. మెట్టరైతునకు వారు రాకున్న కూరలో ఉప్పు లేదు. ఊరిబయట వారి గుడిసెలు లేచిన దినము ఊరివారికి బేరపుదినమే కాని భయపుదినము కాదు.

ఈ వర్తకము ఒక్కనాటితో చెడలేదు. కుంపిణీవారు 1805లోనే చెన్నరాజధానిలో ఉప్పును తమ గుత్తసొత్తు చేసికొనిరి. 1876-78 నాటి కరవులో పశువులు చచ్చినవి. పెరికెయెద్దు పోయినవానికి మూలధనము పోయినట్లే. 1882 నాటి అడవిచట్టముతో మేపునకును, వెదురునకును అడ్డు వచ్చినది. 1888లో మణుగు ఉప్పునకు సుంకము రెండు రూపాయల ఎనిమిది అణాలు. బకింగుహాము కాలువలో పడవలు సాగినవి. 1899లో బెజవాడనుండి మద్రాసునకు రైలు తెఱచిరి. పది గాడిదలు పదిదినములు మోయు బరువును రైలుపెట్టె ఒక్కపూటలో దింపినది. ఇందు రైలుదే తప్పని నే ననను. మార్గము బాగుపడుట లోకమునకు మేలే. కాని పాతవృత్తి పోయినవానికి క్రొత్తవృత్తి యేదని అడిగిన దొర యొక్కడును లేడు. తిరుగుటయే బ్రతుకైనవానికి తిరుగుటకు కారణము పోయినది, అలవాటు మిగిలినది. అప్పటినుండి ఊరూర తిరుగువాడు అనుమానితుడయ్యెను.

ఇక చట్టము. ఉత్తరదేశమున 1871లో నేరస్థజాతుల చట్టమని యొకటి చేసిరి. 1911లో దానిని దేశమంతటికిని విస్తరించిరి. దొంగతనము చేసినవానిని శిక్షించుటకు శిక్షాస్మృతి ముందే కలదు. ఈ చట్టము పని వేఱు. ఒక జాతిని నేరస్థజాతియని ప్రభుత్వము ప్రకటించినచో, ఆ ప్రకటన సరియా కాదా యని యే న్యాయస్థానమును విచారింపరాదు. పేర్లు వ్రాసికొని, వ్రేలిముద్రలు తీసికొని, నియమించిన వేళకు హాజరు పట్టెదరు. సెలవుచీటి లేనిదే ఊరు దాటరాదు. పేరెక్కినవాడు కనబడకున్న వెంటనే తెలుపుట గ్రామమునసబునకును, తలారికిని విధి. ఈ కడపటిమాట పెద్దలు గమనింపవలెను. తరతరములుగా తన యూరికి ఉప్పు తెచ్చినవానిని ఆ చట్టము మునసబుచేత కాపు కాయించినది. మునసబులందఱును క్రూరులు కారు. అయినను ఒకని రాకపోకలు మఱియొకని కలముమొనపై నుండుట ఇరువురకును మంచిది కాదు.

చట్టము వచ్చిన కొలది యేండ్లకే కావలిలో ఎఱుకల నివాసమొకటి వెలసినది. అమెరికను బాప్టిస్టు మిషనువారైన బాడెను దొరగారు దానిని చాలకాలము నడపిరి. బాపట్ల చెంత స్టూవర్టుపురము ముక్తిఫౌజువారిది. బడి చెప్పిరి, మందిచ్చిరి, కాదనరాదు. అయితే అక్కడ చేరుటయు, విడుచుటయు నివాసుల యిష్టము కాదు. స్టూవర్టుపురమువారు చీరాల పొగాకుకార్ఖానాలో కూలికి పోయిరి. కూలి చాలదని వేఱొకచోటికి పోగలవాడు బేరమాడగలడు. ఊరు దాటరానివాడు ఏమి బేరమాడును? నేరము మాన్పుటకని పెట్టిన నివాసము కార్ఖానాకు పనివాండ్రను చేకూర్చినది.

నన్ను మిక్కిలి బాధించునది బిడ్డల సంగతి. ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లలోపు వారిని తలిదండ్రులనుండి వేఱుచేసి, సంస్కరణపాఠశాలలలో నుంచుటకు ఆ చట్టము అధికారమిచ్చినది. బిడ్డ యేమియు చేసి యుండనక్కఱలేదు; పుట్టిన యిల్లే చాలును. ఇదే చెన్నరాజధానిలో 1920లో బాలల చట్టము వచ్చినది. తప్పుచేసిన పిల్లవానినైనను పెద్దలతోబాటు చెఱలో త్రోయరాదని దాని భావము. 1939లో మాంటిస్సోరి అమ్మగారు మద్రాసు అడయారునకు వచ్చి, బిడ్డను స్వేచ్ఛగా పెరుగనిండని ఉపాధ్యాయులకు బోధించిరి. ఆనాటికి నేరస్థజాతుల చట్టము ఇక్కడ అమలులోనే యున్నది. తట్టయల్లుట తల్లి ఒడిలో చూచి నేర్చుకొనవలసిన వయస్సులో బిడ్డను తల్లినుండి తీసి, తరువాత వీరికి కులవృత్తి రాదనుట యే న్యాయము?

ఈ చట్టమును తీసివేయించుటకై పాటుపడినవారిలో నెల్లూరివారైన వెన్నెలకంటి రాఘవయ్యగారి పేరు మఱువరానిది. యానాదులకును, ఎఱుకలకును వారు చేసిన సేవ ప్రసిద్ధము. చెన్నరాజధానిలో 1947లో చట్టము రద్దయ్యెను. మఱుసటియేట వచ్చిన చట్టము జాతిని విడిచి, పలుమాఱు శిక్షపడిన వ్యక్తులను మాత్రమే లెక్కించినది. పిమ్మట అనంతశయనము అయ్యంగారి అధ్యక్షతను ఒక సంఘము దేశమంతటి స్థితిని విచారించినది. 1952 ఆగస్టు 31వ తేదీన ఈ జాతులన్నియు ఆ జాబితానుండి విడుదలైనవి. ఎఱుకలవారు నేడు మన రాష్ట్రమున షెడ్యూల్డు తెగలలో నున్నారు. చట్టపు కాగితము చినిగినంత త్వరగా ఊరినోటిలోని మాట చినుగలేదు. ఏదేని దొంగతనమైనచో మొదట ఎవరి గుడిసె వైపు వ్రేలు చూపుదురో మీకు చెప్పనక్కఱలేదు.

మునసబుపదవియు 1984లో పోయినది. ఎవరి యింటనైనను ఆనాటి హాజరుపట్టీలో, సెలవుచీట్లో అటకమీద నున్నచో, చెదలకు విడువక సమీపకళాశాలలో చరిత్ర చెప్పువారికి చూపింపుడు. ఊరిలో ముదుసలి యెఱుకలవా రున్నచో, తాతలు పెరికెలు తోలిన దారి యేదియని వారిని కూర్చుండబెట్టి అడుగుడు. మజిలీలు ఎచ్చట, మానెడు ఉప్పునకు ఎన్ని మానికల జొన్నలు పుచ్చుకొనెడివారు, ఏ యూరివారు నీరిచ్చెడివారు: ఇవి యే దస్త్రములోను వ్రాసి యుండవు.