జామీను: పూర్వోత్తరములు

మన సంఘ వార్షిక సభలకు విచ్చేయు సోదరులలో పలువురు ఎప్పుడో యొకప్పుడు బంధువు కొఱకో పొరుగువాని కొఱకో కచేరీలో పూచీపత్రముపై వ్రాలు చేసినవారే యై యుందురు. దానినొక యుపకారముగా భావింతురే గాని, ఆ వ్రాలునకు వేయేండ్లకు మించిన చరిత్ర కలదని తలంపరు. ఆ చరిత్రను, అందును ముఖ్యముగా పూచీ యిచ్చువాడు దొరకని దీనుని గతి కాలక్రమమున నేమగుచు వచ్చెనో, ఇచట సంగ్రహముగా విన్నవింతుము.

మన ధర్మశాస్త్రములలో పూచీదారునకు ప్రతిభువని పేరు. యాజ్ఞవల్క్యుడు ప్రతిభువులను మూడు తెగలుగా విభజించెను. మనిషిని హాజరుపఱతునని యొడబడువా డొకడు; ఇతడు నమ్మదగినవాడని చెప్పువా డొకడు; ఇతడు చెల్లింపనిచో నేను చెల్లింతుననువాడు మూడవవాడు. వ్యవహార మారంభమగునపుడే ఉభయపక్షముల నుండియు సమర్థుడైన ప్రతిభువును గైకొనవలెనని యతని విధి. అట్టివానిని చూపలేనివాని సంగతి కాత్యాయనుడు చెప్పెను. వానిని కావలిలో నుంచవలెను. దినాంతమున కావలివానికి కూలి వాడే యిచ్చుకొనవలెను. ఈ విషయములన్నియు విజ్ఞానేశ్వరుని మితాక్షరలో చర్చింపబడినవి. ఆ గ్రంథమునందలి ధర్మములను 13వ శతాబ్దియందే కేతన తెనిగించెను గాన, తెలుగువారికి ఇవి క్రొత్తవి కావు. అయినను మనము గర్వించుటకు ముందొక మాట గమనింపవలెను. ధనికుడు ప్రతిభువును చూపి యింటికి పోయెను. పేదవాడు కావలిలో నుండి, పైగా కూలియు నిచ్చుకొనెను. నేటి చిక్కునకు మొలక నాడే కనబడుచున్నది.

మహమ్మదీయ ప్రభువుల కచేరీల నుండి జామీను, ముచ్చలిక అను మాటలు మన భాషలో చేరినవి. పేర్లు మారెను గాని పని మారలేదు.

నేటి మన పద్ధతికి దగ్గఱి మాతృక ఇంగ్లండునందలిది. అచట షెరీఫులు తమకు తోచినవారిని విడిచి, తోచనివారిని బంధించుచుండగా, 1275 సం. వెస్టుమినిస్టరు శాసనము ఏయే నేరములకు జామీను కలదో, ఏవానికి లేదో నిర్ణయించెను. 1676లో జెంకిస్ అను లండను వర్తకుడు పార్లమెంటును పిలిపింపవలెనని బహిరంగముగా మాటలాడినందుకు చెఱబెట్టబడి, జామీను కొఱకు నెలల తరబడి ఒక న్యాయాధిపతి నుండి మఱియొకని యొద్దకు త్రిప్పబడెను. 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టమునకు ఇట్టి యుదంతములే ప్రేరకములు. అంతట న్యాయాధిపతులు జామీను నిరాకరింపక, ఎవరును చెల్లింపజాలని మొత్తము నడుగ నారంభించిరి! అందువలన 1689 హక్కుల శాసనమున అధికమైన జామీను నడుగరాదని వ్రాయవలసి వచ్చెను. నిరాకరణమునకు మొత్తమును పెంచుట యొక మార్గమని యధికారులు నాడే కనుగొనిరి.

మన దేశమునకు 1861లో మొదటి క్రిమినల్ ప్రొసీజరు కోడు వచ్చెను. 1872, 1882 సంవత్సరముల కోడులు దాటి 1898 కోడు స్థిరపడి, 1974 వఱకు నడచెను. అందలి యేర్పాటు సులభమే. జామీనుకు తగిన నేరములలో విడుదల ముద్దాయి హక్కు. పోలీసుఠాణా యధికారియే విడువవచ్చును. జామీనుకు తగనివానిలో అది న్యాయాధిపతి వివేచనపై నాధారపడును. వాడు పాఱిపోవునా, సాక్షులను బెదరించునా, అభియోగ మెంత గొప్పది అని విచారింతురు. అరెస్టునకు ముందే జామీను పొందుట ఆ కోడులో లేదు. 1969లో లా కమిషను సిఫారసు చేయగా అది 1973 కోడులో చేరెను.

1917 ఏప్రిలు 18వ తేదీని చంపారనులో గాంధీగారు మోతీహారి మేజిస్ట్రేటు ఎదుట నిలిచిరి. జిల్లా విడిచి పొమ్మన్న యుత్తరువు ధిక్కరించితిమని తామే యొప్పుకొనిరి. మేజిస్ట్రేటు ఉత్తరువు చెప్పుటకు కొంత వ్యవధి కోరి, అంతవఱకు నూఱు రూపాయల జామీను నడిగెను. ఆ జిల్లాలో తమకు పూచీ యిచ్చువారు లేరని గాంధీగారనిరి. మేజిస్ట్రేటు వారిని వారి మాటమీదనే విడిచెను. వేలకొలది రైతులు బయట నిలిచియుండగా అట్లు విడుచుట కష్టము కాదు. గుంపు వెంటలేని పరదేశి కూలివాని సంగతి యేమి?

ఆ ప్రశ్నకు 1978 ఆగస్టులో సుప్రీము కోర్టున జవాబు వచ్చెను. మధ్యప్రదేశమున ఒక తాపీ పనివానికి ఆ కోర్టే జామీను దయచేయగా, క్రింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ నడిగెను. అతని సోదరుడు పూచీకి రాగా, ఆస్తి వేఱు జిల్లాలో నున్నదని త్రోసివేసెను. జస్టిసు వి. ఆర్. కృష్ణయ్యరు ఈ వైఖరిని తీవ్రముగా ఖండించి, వేయి రూపాయలకు అతని స్వంత బాండుపైననే విడువుమనిరి. ఆ తీర్పులో వారు మన పేరును తలచిరి. పోర్టుబ్లెయిరులోనో చాందినీచౌకులోనో ఆంధ్రుడు పట్టుబడినచో అచట ఆస్తిగల పూచీదారుని ఎచటినుండి తెచ్చునని వారి ప్రశ్న. కూలికై దూరదేశములకు పోవు కుటుంబములు గల మన సంఘమున ఈ తీర్పును తెలియనివా రుండరాదని మా యభిప్రాయము.

మఱుసటి యేడు, 1979లో, హుస్సేనారా ఖాతూను వ్యాజ్యమున బీహారు చెఱసాలల సంగతి వెల్లడి యయ్యెను. నేరము రుజువైనచో పడదగిన శిక్షకంటె నెక్కువ కాలము విచారణయే లేక చెఱలో నున్నవారు కనబడిరి. వారిలో అనేకులకు కొఱవడినది నిర్దోషిత్వము కాదు, పూచీ.

2005 సవరణచట్టము (1906 కాదు, 2006లో అమలులోనికి వచ్చెను, ఇంత ఆలస్యమైనది!) జామీనుకు తగిన నేరములలో వారము దినములలోగా పూచీ తేలేనివానిని బీదవానిగా నెంచి, స్వంత బాండుపై విడువవలెనని విధించెను. ఇంకొక ప్రక్క, పూచీ యిచ్చుట వృత్తిగా జేసికొన్నవారిని అరికట్టుటకు, పూచీదారుడు ఇంతకుముందు ఎందఱికి పూచీ యుండెనో తెలుపవలెనని నిర్బంధించెను. మన పెద్దలు దీనిని మఱువరాదు. ముద్దాయి రాకున్నచో పూచీ మొత్తము జప్తగును. మొగమాటముతో చేసిన వ్రాలు పొలమును హరింపగలదు. కావున ఆ మనిషి నెఱిగి, వాయిదా దినములు తాము గూడ గుర్తుంచుకొని వ్రాలు చేయుట యుచితము.

ఇన్ని సవరణములు జరిగినను 2022 డిసెంబరు 31 నాటికి దేశపు చెఱసాలలలోని 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జామీను దొరికియు పూచీ లేక లోపలనే యున్నవారి కొఱకు 2023 జనవరి 31వ తేదీని సుప్రీము కోర్టు కొన్ని యాజ్ఞలు చేసెను. ఉత్తరువైన ఏడు దినములలో ఖైదీ విడుదల కానిచో చెఱసాల యధికారి జిల్లా న్యాయసేవా సంస్థకు తెలుపవలెను. నెల గడచినను పూచీ తేలేనిచో న్యాయస్థానము షరతులను తనంతట తాను సడలించుటను పరిశీలింపవచ్చును. స్థానిక పూచీదారునే తెమ్మని పట్టుబట్టరాదని గూడ చెప్పబడెను.

2024 జూలై 1వ తేదీనుండి అమలగుచున్న నాగరిక సురక్షా సంహిత పూచీతో గూడిన జామీనును, పూచీ లేని బాండును వేర్వేఱుగా నిర్వచించినది. మరణశిక్షయో యావజ్జీవశిక్షయో విధింపదగిన నేరములు, పలు వ్యాజ్యములు గల ముద్దాయిల సంగతి విడిచినచో, మున్నెన్నడును శిక్ష పడనివాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము చెఱలో గడపినపుడు, అతనిని విడువవలసినది బాండుపైననే, అనగా పూచీదారుడు లేకయే. ఆ గడువు నిండగానే న్యాయస్థానమునకు వ్రాయవలసిన బాధ్యత చెఱసాల సూపరింటెండెంటుది. పాత వ్యాజ్యములకును ఇది వర్తించునని 2024 ఆగస్టులో సుప్రీము కోర్టు తెలిపెను. మన జిల్లాశాఖల కార్యదర్శులు తమ తమ ప్రాంతముల విచారణ ఖైదీల అరెస్టు తేదీలను వారి బంధువుల నుండి వ్రాసికొని, గడువు లెక్కించి, సూపరింటెండెంటునకును జిల్లా న్యాయసేవా సంస్థకును తెలియజేయుటకు ఏ వకీలు ఫీజును అక్కఱలేదు.