ఆఫీసు దండగా? పండగా?

మా ఆఫీసు కొత్త డిజైన్ గురించి మీటింగులో "ఆర్వోఐ ఎంత?" అని ఎవరో అడిగితే, నాకు మా కోట దగ్గరి దుగరాజపట్నం గుర్తొచ్చింది.

1626లో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఆఫీసూ, గిడ్డంగీ పెట్టి ఫిరంగులు బిగించింది. వాళ్ళు పిలిచిన పేరు ఆర్మగాన్. కానీ వ్యాపారం గిట్టుబాటు కాలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే, మద్రాసులో గుడ్డ 20 శాతం చవకని లెక్కచెప్పి 1639లో స్థలం సంపాదించాడు. 1640లో కోట పని మొదలైంది.

లండన్ డైరెక్టర్లకి ఖర్చొక్కటే కనబడింది. కట్టించిన కోగన్‌ని సంజాయిషీ అడిగారు. అక్కడేమో ఆ గోడల నీడన నేతగాళ్ళు, వర్తకులు చేరి ఊరే పెరిగింది.

రెండుచోట్లా గోడలే, ఫిరంగులే. ఒకటి దండగ, ఇంకోటి పండగ! గోడల రాబడి గోడల్లో వెతికితే దొరకదండీ, లోపల జరిగే పనిలో వెతకాలి. మరి మా డిజైనర్ మా పని చూశాడా? ముందు అడగాల్సింది అదీ.