పాదరసం నడిచే దారి: మినమాటా అఖాతం చరిత్ర

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాఠకులకు సముద్రం దూరపు మాటగా తోచవచ్చు. మన పెన్న ఏడాదిలో చాలా కాలం ఇసుకగానే కనిపిస్తుంది. అయినా వరద వచ్చిననాడు గండికోట లోయను దాటి, నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. మన మురుగుకాలువలో పడినది ఆ దారి పట్టగలదు. అందుచేత జపానులోని మినమాటా అఖాతం చరిత్ర మనకూ తెలియవలసినదే.

1932లో అక్కడి చిస్సో రసాయన కర్మాగారం ఎసిటాల్డిహైడ్ తయారీకి పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడసాగింది. ఆ ప్రక్రియలో మిథైల్ పాదరసం పుట్టి, వ్యర్థజలంతో పాటు అఖాతంలోకి చేరింది. నీటిలో దాని పాలు అత్యల్పమే. కాని ప్లవకాలు దానిని పీల్చుకుంటాయి. వాటిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు తింటాయి. మెట్టు మెట్టుకూ విషం చిక్కబడుతుంది. చివరి మెట్టుపై ఉన్నవాడు జాలరి. మామూలు పాదరసమైనా అడుగు బురదలో చేరితే, అక్కడి సూక్ష్మజీవులు దానిని ఇదే రూపంలోకి మార్చగలవు.

మొదట పిల్లులు తూలి పడి చనిపోయాయి. తరువాత మనుషుల వంతు వచ్చింది. అంతుపట్టని మెదడు వ్యాధితో రోగులు వస్తున్నారని 1956 మే 1న కర్మాగారపు ఆసుపత్రి ఆరోగ్య కార్యాలయానికి తెలియజేసింది. 1958లో సంస్థ వ్యర్థజలాన్ని మినమాటా నది ముఖద్వారానికి మళ్లించింది. దానితో అఖాతం వెలుపల, షిరనుయి సముద్రతీర గ్రామాలలోనూ రోగులు కనిపించారు. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమన్నారు. అదే ఏడు ఆసుపత్రి అధిపతి డాక్టర్ హోసోకావా వ్యర్థజలం కలిపిన ఆహారం పెట్టిన పిల్లికి అదే వ్యాధి సోకింది. సంస్థ ఆ ఫలితాన్ని బయటికి రానీయలేదు. ప్రభుత్వం కారణాన్ని అంగీకరించినది 1968లో. అప్పటికి ఆ తయారీయే ఆగిపోయింది!

ఇంతకన్న బాధాకరమైనది గర్భస్థ శిశువుల గతి. తల్లికి లక్షణాలు స్వల్పంగా ఉన్నా, మాయను దాటిన విషం బిడ్డ మెదడును దెబ్బతీసింది. మనలో కొందరు బొడ్డుతాడును తాయెత్తులో దాచినట్లే, జపాను తల్లులూ దానిని ఎండబెట్టి దాచుకొనేవారు. దశాబ్దాల తరువాత ఆ బొడ్డుతాళ్లలోనే మిథైల్ పాదరసం బయటపడింది.

2013లో పాదరసంపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు. భారతదేశం దానిని 2018లో ధ్రువీకరించింది. ఇక మన వంతు ఒకటున్నది. ఇంట్లో పాత థర్మామీటరు పగిలితే కిటికీలు తెరవండి. పిల్లలను బయటికి పంపండి. చీపురుతో ఊడ్చకండి, వట్టి చేతులతో తాకకండి. బిందువులను గట్టి కాగితంతో ఎత్తి, మూత బిగించిన సీసాలో ఉంచి, ప్రమాదకర వ్యర్థంగా అప్పగించండి. కాలువలో మాత్రం పోయకండి. కాలువ దానిని నాశనం చేయదు, మరొకరి పళ్లెం వైపు పంపుతుంది.