నివాసాభిజనములు – అమెరికా పౌరసత్వపరీక్షా చరిత్రము

పాణిని యష్టాధ్యాయి చతుర్థాధ్యాయ తృతీయపాదమున నొక సూక్ష్మభేదమును జూపినాఁడు. ఒకఁడు ప్రస్తుతము కాపురముండు చోటు నివాసము. వాని పూర్వులు కాపురముండిన చోటు అభిజనము. ప్రత్యయ మొక్కటియే, సిద్ధించు రూపమును నొక్కటియే. అర్థము మాత్రము వేఱు. స్రుఘ్నమున నేఁడు వసించువాఁడును స్రౌఘ్నుఁడే. తాతతండ్రులు స్రుఘ్నమున నుండఁగాఁ దాను వేఱొకచోట నుండువాఁడును స్రౌఘ్నుఁడే. రూపభేదము లేనప్పుడు రెండు సూత్రము లేల యని విద్యార్థు లడుగుదురు. పై సూత్రమునకు అభిజనార్థ మొక్కటియే యనువర్తింపవలసియుండుటచే విడఁదీసెనని వ్యాఖ్యాతల సమాధానము. తెలుఁగువారి యిండ్లలో నీ భేదము సూత్రము లేకయే నిలిచియున్నది. ఊరు శబ్దము ఔపవిభక్తికమై ఊరి యగును. గిద్దలూరు గిద్దలూరి యగును. గిద్దలూరివాఁడన్నచో, సగిలేటి ప్రాంతమున నున్న మా యూర నేఁ డుండువాఁడో, ఏ కాలముననో యీ యూరు విడిచి యూరిపేరునే యింటిపేరుగా మోసికొనిపోయినవాని వంశీయుఁడో ప్రకరణముచేఁ గాని తెలియదు.

ఈ చర్చ నాకు మఱల నక్కఱకు వచ్చుటకుఁ గారణము మా వీథి పెద్ద యొకఁడు. ఆయన కొడుకు అమెరికా పౌరుఁడు. కొడుకు పిలిపింపఁగా భార్యతోఁ బోయి, గ్రీన్‌కార్డు పొంది, అయిదేండ్లు గడపి, పౌరసత్వమునకు అర్జీ పెట్టఁదలఁచి, నడుమ నొకసారి యిల్లు చూచుకొనిపోవుటకు వచ్చెను. (పౌరత్వ మనవలసినచోట లోకము పౌరసత్వ మనుచున్నది. రూఢమైనది గావున నేనును దానినే వాడెదను.) ఆయన చేతిలో నూటయిరువదియెనిమిది ప్రశ్నల పొత్తము. "అయ్యవారూ, ఇవి తెలుఁగున నాకు అర్థమగునట్లు చెప్పుము, ఇంగ్లీషు నోటికి నేను వేసికొందును" అని యడిగెను. చిన్ననాఁట అమరము వల్లె వేసిన తరమువాఁడు. వల్లె వేయుట యాయనకుఁ గ్రొత్త కాదు.

ఆ పరీక్ష నియమములు గొన్ని చెప్పవలసియున్నది. 2025 అక్టోబరు 20 మొదలుకొని పెట్టిన యర్జీలకు నూటయిరువదియెనిమిది ప్రశ్నలలో నిరువది యడుగుదురు. పండ్రెండు సరిగాఁ జెప్పిన నుత్తీర్ణుఁడు. అంతకుఁ బూర్వము 2008 నుండి నడచిన పద్ధతిలో నూఱు ప్రశ్నలు. పది యడుగఁగా నాఱు చెప్పవలసియుండెను. నడుమ 2020 డిసెంబరునఁ గఠినతర మైన పద్ధతి యొకటి వచ్చి, కొలఁది నెలలకే 2021లోఁ దొలఁగెను. ఇది కాక ఇంగ్లీషులో నొక వాక్యము చదువవలెను, నొక వాక్యము వ్రాయవలెను. మూఁడేసి యవకాశము లిత్తురు. ఏఁబదియేండ్లు దాఁటి గ్రీన్‌కార్డుతో నిరువదియేండ్లున్నవారికిని, ఏఁబదియైదు దాఁటి పదునైదేండ్లున్నవారికిని ఇంగ్లీషు మినహాయింపు గలదు. వారు చరిత్రప్రశ్నలకుఁ దమ భాషలోనే సమాధానము చెప్పవచ్చును. మా పెద్ద కీ మినహాయింపు వర్తింపదు. వయస్సు అఱువదియెనిమిది యైనను నివాసము ఆఱేండ్లే గదా! ముదిమిలోఁ బిల్లలయొద్దకుఁ బోవు మన తల్లిదండ్రులలోఁ బలువురకు నిదియే చిక్కు. మినహాయింపు ముసలితనమునకుఁ గాదు, దీర్ఘనివాసమునకు.

ప్రశ్నలను దెనిఁగించుచుండఁగా యూరోపువారు రాకమునుపు అమెరికాలో నెవరు వసించిరను ప్రశ్న వచ్చినది. అమెరికన్ ఇండియనులని సమాధానము. "మనమే కదా!" యని యాయన నవ్వెను. నేనును నవ్వితినిగాని, శబ్దమూలమున నొక దేశమున హక్కు సాధింపఁ జూచిన వేఱొక కథ నాకు స్ఫురించెను. ఆ పొత్తమున నా కథకు సంబంధించిన ప్రశ్న లేదు. దానినే యిట వ్రాయఁదలఁచితిని.

1790లో అమెరికా శాసనసభ చేసిన మొదటి పౌరసత్వశాసనము ప్రకారము రెండేండ్లు నివసించిన "స్వతంత్రుఁడగు శ్వేతుఁడు" పౌరుఁడు కావచ్చును. నాఁడు దేశమంతట నొక్కరీతి ప్రశ్నలు లేవు, భాషానియమమును లేదు. వర్ణమే పరీక్ష. వర్ణ మనఁగా మన ధర్మశాస్త్రముల వర్ణము కాదు, తోలు రంగు. 1795లో నివాసకాలము అయిదేండ్లైనది. 1870లో ఆఫ్రికా సంతతివారికి ద్వారము తెఱచిరి. 1882లోఁ జీనావారికి మూసిరి. 1906 శాసనముతో ఇంగ్లీషు మాటలాడఁగలుగుట నియమ మయ్యెను. తక్కిన ప్రశ్నలు చిరకాలము న్యాయాధిపతుల యిచ్ఛానుసారముగా నుండెను.

ఇట్టి స్థితిలో శ్వేతుఁ డనఁగా నెవఁడు? ఈ ప్రశ్న 1922లో ఉన్నతన్యాయస్థానమునకు వచ్చినది. తకావో ఒజావా యను జపానుదేశీయుఁడు కాలిఫోర్నియాలోఁ జదివి, ఇరువదియేండ్లు నివసించి, ఇంట ఇంగ్లీషే మాటలాడుచు, తన చర్మము తెల్లనిదే గావునఁ దాను శ్వేతుఁడ ననెను. ఆ సంవత్సరము నవంబరు 13న జార్జి సదర్లండు న్యాయమూర్తి తీర్పు వ్రాయుచు, శ్వేతశబ్దము తోలు రంగును జెప్పదు, "కాకేసియన్" జాతివారిని జెప్పునని యతని యర్జీని ద్రోసివేసెను. ఇది శాస్త్రార్థమును గ్రహించుట.

మూఁడు నెలలు తిరుగకమునుపే భగత్‌సింగ్ థిండు వ్యాజ్యము వచ్చినది. ఇతఁడు పంజాబీ సిక్కు. 1918లో అమెరికా సేనలోఁ బనిచేసినవాఁడు. ఆరెగన్ రాష్ట్రమున 1920లోఁ బౌరసత్వము పొందఁగా ప్రభుత్వ మాక్షేపించెను. థిండు పక్షపు వాద మేమనఁగా: శాస్త్రజ్ఞుల లెక్కలో ఉత్తరహిందూస్థానమువారు కాకేసియనులు, వారి భాష ఆర్యభాష, అతఁడు ఉన్నతకులజుఁడు, కావున ఒజావా తీర్పు ప్రకారము శ్వేతుఁడు. 1923 ఫిబ్రవరి 19న ఆ సదర్లండు న్యాయమూర్తియే, ఆర్యశబ్దము భాషకు సంబంధించినదే కాని దేహమునకు సంబంధించినది కాదనియు, భాషాసామ్యముచే రక్తసామ్యము సిద్ధింపదనియు, శాసనమందలి శ్వేతశబ్దమును సామాన్యజనులు గ్రహించునట్లే గ్రహింపవలెననియు నిర్ణయించెను. ఒజావాపైఁ బ్రయోగించిన శాస్త్రార్థమును విడిచి థిండుపై లోకరూఢిని బ్రయోగించుట యన్నమాట. రూఢి యోగమును బాధించునని మన శాస్త్రములు నంగీకరించును. కాని యొకే శాసనమందలి యొకే శబ్దమునకు మూఁడు నెలల వ్యవధిలో నొకనిపై యోగము, నింకొకనిపై రూఢి చెప్పుట యే శాస్త్రమునకు సమ్మతము? ఆర్యశబ్దము భాషను జెప్పునను మాట మాత్రము సత్యమే. అసత్యోద్దేశముతోఁ జెప్పఁబడినను సత్యము సత్యమే యగును.

ఇట తెలుఁగువాఁడు తడవు నిలిచి యాలోచింపవలసిన విషయ మొకటి గలదు. థిండు గెలిచియుండినచో మనకేమి లాభము? ఆయన వాదమునకు ఆర్యభాష యొక కంబము. 1816లోనే ఎల్లిసు దొర, క్యాంబెలు తెలుఁగు వ్యాకరణమునకు వ్రాసిన యుపోద్ఘాతమున, తెలుఁగు సంస్కృతజన్యము గాదనియు, అరవ కన్నడములతోఁ గూడిన వేఱు కుటుంబమనియు నిరూపించెను. 1856లోఁ గాల్డ్వెలు దానిని విస్తరించెను. మనలోఁ గొందఱు పండితులు చిరకాల మీ సిద్ధాంతమును రోసిరి. అది యటుండ, థిండు వాదమే యంగీకృతమైనచో ఆ ద్వారము పంజాబీకిఁ దెఱచుకొని తెలుఁగువానికి మూసికొనియుండెడిది. కనీసము మఱియొక వ్యాజ్యము నడపవలసియుండెడిది. కులమును భాషను జూపి ద్వారము దాఁటఁ జూచుట యందఱను దాఁటించు మార్గము కాదు. థిండునకుఁ గలిగిన కష్టమునకు వగచుచునే యీ మాట వ్రాయుచున్నాను.

తీర్పు తరువాత, అంతకుమున్నే పౌరులైన హిందూదేశీయులనుండి పౌరసత్వమును ద్రిప్పి తీసికొనఁ దొడఁగిరి. 1921లోఁ బౌరుఁడైన వైష్ణోదాసు బాగాయి దానిని గోలుపోయి 1928లో ఆత్మహత్య చేసికొనెను. సఖారాం గణేశ పండిత్ అను న్యాయవాది, పేరుచేతను బండితుఁడే, థిండు పక్షమున వాదించినవాఁడు, తన 1914 నాఁటి పౌరసత్వమును మాత్రము న్యాయస్థానమునఁ బోరాడి నిలుపుకొనెను. థిండు 1935 నాఁటి సైనికశాసనము నాధారము చేసికొని మఱుసటియేఁట మూఁడవమాఱు పౌరుఁడయ్యెను.

ఇంచుమించుగా థిండు తీర్పు వెలువడిన కాలముననే యొక తెలుఁగువాఁడు బోస్టను నగరము చేరెను. 1895లో భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో ఫిస్కుతోఁ గూడి భాస్వరపరిమాణమును నిర్ణయించు పద్ధతిని బ్రకటించెను. 1929లో జీవకణములకు శక్తి నొసఁగు ఏటీపీ యను పదార్థమును గూర్చి వ్రాసెను. లెడర్లీ పరిశోధనాలయమున ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును గృత్రిమముగా నిర్మించెను. ఇన్ని యేండ్లును శాసనదృష్టిలో ఆయన పౌరసత్వమున కనర్హుఁడు. 1946 జూలై 2న ట్రూమను అధ్యక్షుఁడు సంతకము చేసిన లూస్–సెల్లరు శాసనముచే హిందూదేశీయులకుఁ బౌరసత్వార్హతయు, ఏఁటికి నూర్గురు వచ్చి చేరుట కనుమతియు లభించెను. అంతటి విశాలదేశమున నూర్గురే! సుబ్బారావు 1948 ఆగష్టున పౌరుఁడు గాకయే కన్నుమూసెను.

చరిత్రజ్ఞానమును రాజ్యాంగజ్ఞానమును అర్జీదారుఁ డెఱుఁగవలెనను నియమము శాసనమున కెక్కినది 1950లో. 1952లో వర్ణనిషేధము పూర్తిగాఁ దొలఁగెను. 1965 శాసనముతో జాతీయమూలమునుబట్టి యేర్పఱచిన సంఖ్యానియమములు పోయినవి. మన వైద్యులును, తరువాత కంప్యూటరు విద్యావంతులును బోయి స్థిరపడినది పిమ్మటనే. బర్మా మలయా దేశములకుఁ బోయిన తెలుఁగువారి పౌరసత్వచరిత్ర మింకను గష్టతరము. దాని నిట విస్తరింపను. పై వరుసను జూచినచో, రంగునుబట్టి చేయు పరీక్ష సడలిన యేండ్లలోనే విద్యనుబట్టి చేయు పరీక్ష బిగిసినదని తెలియును. ముసలివాని నిద్ర చెఱచు నీ నూటయిరువదియెనిమిది ప్రశ్నలను నేను తిట్టఁబోయి, దీనిఁ దలఁచి యూరకుంటిని. ప్రశ్నలైన వల్లె వేయవచ్చును. తోలును వల్లె వేయ నెవని తరము?

మన దేశపు విధానము నిట చెప్పవలెను. 1955 పౌరసత్వశాసనము తృతీయానుబంధము ప్రకారము, విదేశీయుఁడు భారతపౌరుఁడగుటకు రాజ్యాంగము నెనిమిదవ యనుబంధమునఁ బేర్కొన్న భాషలలో నొకదానియందుఁ దగిన జ్ఞానము గలిగియుండవలెను. అందుఁ దెలుఁగు గలదు. తెలుఁ గొక్కటి వచ్చినవాఁడును భాషావిషయమున నర్హుఁడే. స్వేచ్ఛగాఁ బరదేశపౌరసత్వము పుచ్చుకొన్నవానికి మాత్రము భారతపౌరసత్వము నశించును. 2005 నుండి యొసఁగుచున్న విదేశీభారతపౌర కార్డు రాకపోకలకును నివాసమునకును బనికివచ్చునుగాని యోటు నీయదు. అభిజనమును గుర్తించిన పత్ర మది యనవచ్చును.

మా పెద్ద యీ మాట విని చాలసేపు మాటలాడలేదు. ఆయన పుట్టినప్పుడు గిద్దలూరు కర్నూలు జిల్లాలోనిది. 1970లోఁ బ్రకాశము జిల్లా యేర్పడఁగా నింటిగడప కదలకయే జిల్లా మాఱినది. అప్పు డెవరును బ్రశ్న లడుగలేదు. ఇప్పుడు ప్రమాణవాక్యము చదువవలెను; అందుఁ బూర్వరాజ్యమునెడ విధేయతను విసర్జించితి ననవలెను. ఆ వాక్యమును నాచేత నాలుగుమార్లు తెనిఁగింపించుకొని, "ఇందులో ఊరు అని లేదు గదా, అయ్యవారూ?" యని యడిగెను. లేదంటిని.

పోవుటకు ముందు అర్జీని నాయెదుటనే నింపెను. పౌరసత్వముతోఁ బాటు పేరు మార్చుకొనువారికై యం దొక గడి కలదు. ఆయన యింటిపేరు మా ప్రాంతపు టూరిపేరే. అమెరికావారికి నోరు తిరుగదని కొడుకు కుదించుకొన్నాఁడఁట. ఆయన మాత్ర మా గడిలో నేమియు వ్రాయక పుట త్రిప్పెను.